దూరంగా పోయి ఎత్తిన రాయి

నా చిన్నప్పుడు మార్కాపురం పక్క పలకరాయి గనుల దగ్గర పిల్లలకు పలక కొనుక్కోవడమంటే తెలియదు. గని ఒడ్డున పారబోసిన రాతిముక్కల గుట్టలుండేవి. ఓపిగ్గా వెతికితే నున్నటి ముక్క ఒకటి దొరక్కపోదు. పెద్దవాళ్ళు అటు పోవద్దని తిట్టేవారు, మేం వింటేగా!

ఒక వానాకాలం పొద్దున నేనొక్కదాన్నే గుట్ట అడుగున ముక్క లాగుతుంటే పైనుంచి మంచమంత బండ జారి నా కుడికాలి మీదికొచ్చి ఆగింది. కింద చిన్న గుంట ఉండబట్టి ఎముక విరగలేదు. కాలు మాత్రం రాళ్ళ మధ్య ఇరుక్కుపోయింది. లాగితే ప్రాణం పోయేట్టుంది, లాగకపోతే భయం. ఇక జీవితమంతా అక్కడే ఉండిపోతానేమో అనుకున్నాను.

నా అరుపులు విని గనిలోంచి మా నాయన, చిన్నాయన, ఇంకొందరు పరిగెత్తుకొచ్చారు. అంచు చిట్లిన రాయి పలకకు పనికిరాదు. అందుకని గడ్డపార తగలనీయకుండా, చుట్టూ చేరి చేతులతో ఎత్తడమే మా వాళ్ళకు అలవాటు. ఆ కంగారులోనూ అదే చేశారు. అందరూ గుట్టెక్కి బండ మీదికి వంగారు. బండ లేవలేదు సరికదా, వాళ్ళ బరువుకు గుట్టే కిందికి జరిగింది. మనుషులు పెరిగేకొద్దీ నా కాలి మీద నొక్కుడు పెరిగింది. నన్ను కాపాడడానికి వచ్చినవాళ్ళే నన్ను తొక్కేస్తున్నారు.

అంతలో మా అవ్వ వచ్చింది, నాయన వాళ్ళమ్మ.

"దిగండిరా! ఎవురూ ఎక్కబాకండి! మీరెక్కే కొద్దీ అది బిడ్డ మీదికి జరుగుతా ఉంది. రాయి పగిలితే పగలనీ!"

అందరూ దిగారు. ఇంటి కప్పుకని తెచ్చిన పొడుగాటి చేవకర్ర తెప్పించింది. దాని కొస బండ కిందికి దూర్చి, దగ్గర్లోనే కర్ర కింద ఒక రాయి ఆనించారు. నాయన ఆ రాయి పక్కనే నిలబడి ఒళ్ళంతా బిగబట్టి కర్రను నొక్కాడు. బండ చలించలేదు. అవ్వ నా పక్కన కూర్చుని ఉంది. ఆమె చెయ్యి రెండు చేతులతో పట్టుకున్నాను. ఆమె నా వేళ్ళు విడదీయసాగింది.

"పోబాక అవ్వా, నా కాడే ఉండు."

"ఈడ కూసుంటే రాయి లెయ్యదమ్మా. నన్ను పోనీ."

నా పట్టు విడిపించుకుని కర్ర రెండో కొస వైపు నడిచింది. నేను చచ్చిపోతానని తెలిసే వదిలేసి పోతోందనుకున్నాను. అంత కోపం మళ్ళీ ఎవరి మీదా రాలేదు నాకు. ఆ చివర ఆమె వేలాడింది, నాయనను కూడా అక్కడికే పిలిచింది. కర్ర కొస చాలా కిందికి దిగితే బండ ఇవతల వేలెడు లేచింది. చిన్నాయన ఆ సందులో రాతిముక్క తోశాడు. మళ్ళీ నొక్కారు, మళ్ళీ వేలెడు. నాకేమో ఒక్కసారిగా లేపెయ్యాలని తొందర. చివరికి కాలు బయటికొచ్చింది.

కట్టు కట్టించుకుని ఇంట్లో పడుకున్నప్పుడు అవ్వ జొన్నలు విసురుతూ అడిగింది, తిరగలికి పిడి నడిమధ్యన కాకుండా అంచునే ఎందుకు పెడతారని. నా చేతనే తిప్పించి చూపించింది. నడిమికి దగ్గరగా పట్టుకుంటే బరువు, అంచుకు పోయేకొద్దీ తేలిక. కానీ ఆ తేలిక ఊరికే రాదు, చెయ్యి పెద్ద చుట్టు తిరగాలి. తర్వాత బళ్ళో అనులోమానుపాతం, విలోమానుపాతం చెప్పినప్పుడు పిల్లలంతా ఏది ఏదో తెలియక తికమకపడుతుంటే నా కాలు నాకు గుర్తుచేసింది. గుట్ట మీద మనుషులు పెరిగితే నొక్కుడూ పెరగడం ఒకటి, దూరం పెరిగితే బరువు తగ్గడం ఇంకొకటి.

ఇప్పుడు నా పిల్లలు ఏ కష్టంలో ఇరుక్కున్నా నా ప్రాణం ముందు వాళ్ళ మీద పడిపోవాలనే కొట్టుకుంటుంది. అప్పుడు ఆగి, ఎక్కడ నిలబడితే వాళ్ళకు ఉపకారమో చూసుకుంటాను. అంత దూరాన నిలబడడం ఎంత కష్టమో అవ్వ ఏనాడూ చెప్పలేదు. ఆమె పోయిన చాన్నాళ్ళకు నాయన చెప్పాడు.

"కర్ర చివరిదాకా ఏడ్చుకుంటానే నడిచిందమ్మా. తిరిగి చూస్తే మళ్ళా నీ కాడికే వచ్చేస్తానని తిరగలేదంట."