ఐర్లండ్ ఇంజిన్ బేరం

బేరమాడని మనిషిని చూస్తే నాకు ఇప్పటికీ భయమే. ఇది నా తప్పు కాదు, పెంపకం అలాంటిది. పీలేరులో రైల్వేస్టేషన్‌కు పోయే వీధిలో మా నాయనది బొరుగులు, బెల్లం, బీడీల అంగడి. ఒక పక్క చిన్నాయన గుడ్డల అంగడి, ఇంకో పక్క మేనమామ ఇనుప సామాన్ల అంగడి. అందరూ అమ్మ ఒళ్ళో మాటలు నేర్చుకుంటే నేను తక్కెడ పక్కన నేర్చుకున్నాను. "బేరమాడనోన్ని నమ్మొద్దురా. వాడు కొనేదానికి రాలేదు, ఇంకేదో పనిమీద వచ్చినాడు," అనేవాడు నాయన.

ఇరాక్ సైన్యం కువైట్‌లోకి వచ్చిన ఆ ఆగస్టులో నేను కువైట్ నగరంలోని షర్క్‌లో ఒక పాత భవనం రెండో అంతస్తులో ఉండేవాణ్ణి. నేను పనిచేసే ఇంటిసామాన్ల దుకాణం మా కఫీల్‌ది, అంటే నాకు వీసా ఇప్పించిన కువైటీ యజమానిది. ఆయన ఎండలకు తాళలేక కుటుంబంతో సహా యూరప్ వెళ్ళి ఉన్నాడు. మొదటి రోజుల్లోనే సైనికులు దుకాణాన్ని తలుపులతో సహా ఊడ్చుకుపోయారు. తాళంచెవి మాత్రం నా దగ్గరే భద్రంగా ఉంది. తలుపు లేని దుకాణానికి అంత నమ్మకంగా తాళంచెవి కాపాడినవాణ్ణి కువైట్ మొత్తంలో నేనొక్కణ్ణే అయివుంటాను.

నా గదిలో ఇంకొకాయన ఉండేవాడు. కడప మనిషి, నీళ్ళ ట్యాంకరు డ్రైవరు. నేను ఆయన్ను భాయ్ అనేవాణ్ణి. ఆయన నన్ను సేఠూ అనేవాడు. నా దగ్గర ఏమీ లేకుండా పోయేకొద్దీ ఆ పిలుపులో మర్యాద పెరిగింది.

మా గదికి సరిగ్గా పైన ఒక ఐర్లండ్ ఆయన. షుఐబా రేవులో క్రేన్లు బాగుచేసే ఇంజనీరు. భార్యాపిల్లలు సెలవులకు వాళ్ళ దేశం వెళ్ళారు. బ్రిటిష్‌వాళ్ళూ అమెరికన్లూ హోటళ్ళకు వచ్చి హాజరు కావాలని సైన్యం ఆజ్ఞ వేసినప్పుడు, "నేను ఐరిష్, ఆ జాబితాలో లేను," అన్నాడు ఆయన. నిజమే. కానీ తలుపు తన్నే సైనికుడు ముందు పాస్‌పోర్టు చదివి ఆ తర్వాత తన్నడు గదా. అందుకని కర్టెన్లు మూసుకుని ఇంట్లోనే ఉండిపోయాడు. తెల్లవాళ్ళను దాచినవాళ్ళను కాల్చేస్తారని అందరూ చెప్పుకునేవారు. ఆయనకు తిండి పట్టుకుపోయేది నేను.

ఊరికే కాదు, వస్తుమార్పిడికి. మొదటిసారి బంగాళాదుంపలు పట్టుకుపోయి టేప్‌రికార్డర్ అడిగాను. ఆయన కాదంటాడు, నేను రేడియోకు దిగుతాను, చివరికి బల్లమీది ఫ్యాను దగ్గర ఇద్దరం ఆగుతాం అని మెట్లమీద లెక్కవేసుకునే వెళ్ళాను. ఆయన టేప్‌రికార్డర్‌ను తుడిచి, వైరు చుట్టి, నా చేతిలో పెట్టాడు. ఉల్లిపాయలకు తోలు సూట్‌కేసు ఇచ్చాడు. కందిపప్పుకు చలికోటు ఇచ్చాడు. ఆగస్టులో కువైట్‌లో చలికోటు అడగడం నా పరీక్ష. ఆయన అందులోనూ తప్పాడు, మారుమాట్లాడకుండా ఇచ్చేశాడు.

"ఈయప్ప యవ్వారం నాకు బాగలేదు భాయ్," అన్నాను కిందికి వచ్చి. "అడిగినేది అడిగినట్టు ఇచ్చేస్తాండాడు."

"ఇస్తే తీసుకోవప్పా సేఠూ. ఇయ్యకపోయినా ఏడుస్తావ్, ఇచ్చినా ఏడుస్తావ్."

"ఇచ్చేవోని కండ్లు సూడాల. లోపల ఒక గది ఉండాది. నేను పోతానే ఆ తలుపుకు తాళం పడతాది."

"గదిలో పెండ్లాం ఉంటాదిలే."

"పెండ్లాం ఊరికి పోయింది గదా."

"అయితే ఇంకొకరి పెండ్లాం."

భాయ్ నవ్వు ఎక్కువ కాలం నిలవలేదు. మధ్యాహ్నాల్లో మా పైకప్పులోనుంచి ఒక శబ్దం రావడం మొదలైంది. సన్నగా గుంయ్‌మని మొదలై, గది చుట్టూ తిరిగినట్టు తిరిగి, ఒకచోట ఆగిపోయేది. కాసేపు నిశ్శబ్దం. మళ్ళీ గుంయ్. భాయ్ అన్నం ముద్ద నోటిదాకా తెచ్చి ఆపేశాడు.

"సేఠూ, అది వైర్‌లెస్సు."

ఆ రోజుల్లో ఆ మాట ఎవరూ పైకి అనేవారు కాదు. వైర్‌లెస్సు దొరికిన ఇంట్లో ఎవర్నీ వదలరని మా అందరికీ తెలుసు. పైన నిజంగా అదే ఉంటే ఆయనా, మేమూ, కింద ఉండే ఈజిప్టు వాచ్‌మనూ అందరం ఒకే లారీలో పోతాం. ఆ గది చూడాలి, లేదా ఆయన్ను పంపించెయ్యాలి. ఇంకో దారి లేదు.

మా దగ్గర మిగిలిన టీపొడి అంతా పట్టుకుని పైకి వెళ్ళాను. ఐర్లండ్‌వాళ్ళు టీకోసం దేనికైనా ఒప్పుకుంటారని అప్పటికి కనిపెట్టాను. పొట్లం విప్పి వాసన చూపించి, "దీనికి బదులు ఆ గదిలో ఉన్నది కావాలి," అన్నాను. మా మాటలు ఇంగ్లీషులో సాగేవి, నాది అంగడి ఇంగ్లీషు. ఆయన నన్నూ పొట్లాన్నీ మార్చిమార్చి చూశాడు. జేబులోంచి తాళంచెవి తీశాడు.

గదంతా ఒకటే బల్ల. చుట్టూ నేలదాకా నల్లగుడ్డ వేలాడుతోంది. బల్లమీద ఆకుపచ్చ గుట్టలు, రాతిగోడలు, గోడమీద రంగులతో వేసిన బూడిదరంగు సముద్రం, దాని ఒడ్డున పిడికెడంత స్టేషను. వీటన్నిటి మధ్యలో సన్నటి పట్టాలు. ఆయన ఒక మీట తిప్పాడు. అరచేతంత ఇంజిను రెండు పెట్టెల్ని లాక్కుంటూ గుంయ్‌మని బయల్దేరింది.

నేను రైలును చూడలేదు. యాంటెన్నా ఎక్కడుందా అని వెతికాను. బల్లమీద ట్రాన్స్‌ఫార్మరు, గుడ్డ ఎత్తి చూస్తే బల్లకింద జడలు జడలుగా వైర్లు. "ఒక బొమ్మకు ఇంత వైరు ఎందుకు?" అని అడిగాను.

ఆయన ఆ ప్రశ్న కోసమే పుట్టినవాడిలా మొదలుపెట్టాడు. ఐర్లండ్‌లో తొలి రోజుల్లో ఒక కంపెనీ పట్టాలు ఆరడుగుల పైన వెడల్పట, ఇంకొకటి ఐదడుగుల పైన, మరొకటి ఐదడుగుల లోపల. ఎవరి బండి వాళ్ళ పట్టాలమీదే నడుస్తుంది. ముగ్గురూ కొట్లాడుకుంటుంటే లండన్ సర్కారు ఆఫీసరు ఒకాయన వచ్చి, అటు కొంత ఇటు కొంత కోసి, ఐదడుగుల మూడంగుళాలని తేల్చాడట. ఐర్లండ్ పెద్ద రైళ్ళు ఈనాటికీ ఆ కొలతమీదే నడుస్తాయట.

నాకు మొదటిసారి ఆయన మాటలు నమ్మబుద్ధయింది. పశువుల సంతలో దళారి ఇద్దరి చేతులూ కలిపి "నీ మాటా వద్దు, ఆయన మాటా వద్దు" అని చేసే పనే గదా ఇది! ఒక దేశం దేశమంతా బేరం తేలినచోట రైలు నడుపుతోందంటే ఆ దేశంమీద గౌరవం కలిగింది.

బల్లమీదున్నది మాత్రం ఆ పెద్ద లైను కాదు. పడమటి తీరంలో బీదవాళ్ళ ఊళ్ళకు వేసిన మూడడుగుల లైను. మా ఊరిమీదుగా పోయే పాకాల, ధర్మవరం మీటరుగేజి లైను కంటే కూడా సన్నం. సముద్రం గాలి ఎక్కువైతే పెట్టెలు పడిపోతాయని గాలిని కొలిచే యంత్రం పెట్టి మరీ బండ్లు ఆపేవారట. గాలికి ఆగే రైలు! నా అనుమానం మళ్ళీ తల ఎత్తింది. ఆయన తండ్రి ఆ లైనులో ఇంజినుకు బొగ్గు వేసేవాడట. లైను మూసేసి, పట్టాలు పీకి, పాత ఇనుముకు అమ్మేశారట.

"ఏ ధరకు పోయింది?" అన్నాను. ఆయన జవాబుగా ఇంజినువైపు వేలు చూపాడు.

ఆ ఇంజిను తన తండ్రి పనిచేసినదాని నకలు, తానే చేత్తో చేసుకున్నాడు. చేతిలోకి తీసుకుంటే బరువుగా ఉంది. గోటితో అడుగున గీకితే రంగు కింద పచ్చగా మెరిసింది. "బియ్యం మూటకు ఇస్తావా?" అన్నాను.

"ఇవ్వను."

అన్నీ ఇచ్చిన మనిషి అదొక్కటి ఇవ్వనన్నాడు. "అది ఇత్తడి," అన్నాడు నా గోరు చూసి. బంగారం దాచినవాడెవడూ ఇది బంగారమని చెప్పడు గదా అనుకున్నాను.

పట్టాలమీద మళ్ళీ పెడితే ఇంజిను స్టేషను ముందుకు వచ్చి ఆగిపోయింది. ఆయన నల్లగుడ్డ ఎత్తి బల్లకిందికి దూరి ఏదో నొక్కాడు. అది మళ్ళీ కదిలింది. అక్కడ ఒక వైరు వదులైందట, అతికించడానికి సీసం దొరకడం లేదట. "ఇదంతా విప్పెయ్యి. ఈ వైర్లు చూస్తే సైనికులు వైర్‌లెస్సే అనుకుంటారు," అన్నాను. "రేపు," అన్నాడు. అప్పులవాళ్ళతో మా మేనమామ అనే "రేపు" లాగే వినిపించింది.

ఆ రేపు ఉదయం నేను ఆయన వంటింట్లో టమాటాలు దింపుతుండగా మెట్లమీద బూట్లు వినపడ్డాయి. ఆయన గదిలోకి ఉరికి బల్లకింద దూరాడు. నేను గుడ్డ సరిచేసి, తలుపు కొట్టకముందే వెళ్ళి తీశాను. అంగడివాడు గిరాకీ చేత తలుపు కొట్టించకూడదు.

ఒక ఆఫీసరు, నెరిసిన మీసాలు. వెనక ఇద్దరు సైనికులు. సైనికులు బీరువాలు చూస్తుంటే ఆఫీసరు ఆ గదిలోకి వచ్చి బల్లమీది ట్రాన్స్‌ఫార్మరువైపు చూశాడు.

"ఏమిటిది?" మాటలు అరబ్బీలో.

"బొమ్మ రైలు, సైదీ. మా కఫీల్ దుకాణం సరుకు. అమ్మకానికి పెట్టాను."

ఇంజిను చేతిలోకి తీసుకున్నాడు. "ఎంత?"

తీసుకుపోండి సైదీ అనడమే ఎవరికైనా తోచే మాట. కానీ ఊరికే ఇచ్చే మనిషిని నేను ఎంత అనుమానించానో నాకు తెలుసు. ఈయన అనుమానించడా? "మూడు డబ్బాల పెట్రోలు," అన్నాను.

"ఒక పెట్టె సిగరెట్లు."

"చేత్తో చేసిన సరుకు సైదీ. ఐ..." ఐర్లండ్ అనబోయి మింగేశాను. "అయ్యో, జర్మనీ సరుకు. చూడండి, ఎంత బరువుందో! రెండు డబ్బాలు."

"ఖలాస్. వద్దు." ఇంజిన్ను పట్టాలమీద పెట్టి వెనక్కి తిరిగాడు. సైనికులు అప్పటికే మెట్లమీదున్నారు. గండం గడిచింది. ఇక నేను చేయవలసిందల్లా నోరు మూసుకోవడం.

గిరాకీ మెట్టు దిగితే వీధి మలుపు తిరగకముందే వెనక్కి పిలవాలని మా అంగళ్ళలో చట్టం. ఆ చట్టం నా బుర్రలో లేదు, నాలుకలో ఉంది.

"సైదీ! నీ మాటా వద్దు, నా మాటా వద్దు. ఒక్క డబ్బా!"

ఆ గొంతు నాదేనని తెలిసేసరికి ఆయన తిరిగొచ్చేశాడు. బల్లకింద ఊపిరి ఆగిపోవడం నాకు వినిపించింది.

"నడిపించు. చూసి తీసుకుంటాను."

మీట తిప్పి, చేతులు వెనక్కి తీసుకున్నాను. ఇంజిను గుట్ట తిరిగి, సముద్రం దాటి, స్టేషను ముందు ఆగిపోయింది.

"చెడిపోయిన సరుకు అంటగడుతున్నావా?" ఆఫీసరు బల్ల చుట్టూ వచ్చాడు. వంగాడు. నల్లగుడ్డ అంచు పట్టుకున్నాడు.

ఇంజిను ఒక్కసారి ఉలిక్కిపడి బయల్దేరింది.

ఆయన గుడ్డ వదిలి, బేరం ఖాయమన్నట్టు బల్లమీద చెయ్యి చరిచాడు. నడుస్తున్న ఇంజిన్ను చక్రాలు తిరుగుతుండగానే అందుకుని, "డబ్బా రేపు పంపుతాను," అని వెళ్ళిపోయాడు. అప్పుడు చూసుకున్నాను, నా చేతులు రెండూ రొమ్ముమీద కట్టుకుని ఉన్నాయి. ఆ ఇంజిన్ను కదిలించింది నేను కాదని కళ్ళున్న ఎవరికైనా తెలుస్తుంది. ఆయనకు కళ్ళున్నాయి.

ఐర్లండ్ ఆయన బయటికి వచ్చి ఖాళీ పట్టాలను చూశాడు. వేలికి ఇంకా వైరు గుర్తు ఉంది. తన ఇంజిన్ను తన చేత్తోనే గిరాకీకి నడిపించి ఇచ్చాడు.

"ఏం వచ్చింది?"

"ఒక డబ్బా పెట్రోలు. అదీ రేపట."

"మూడు దగ్గర మొదలుపెట్టావుగా," అన్నాడు. రేవులో నేర్చిన అరబ్బీ అంకెలు ఆయనకూ తెలుసు.

మరునాడు పొద్దున డబ్బా మా తలుపు ముందుంది. మూత తీశాను. వాసన చూశాను. పుల్ల ముంచాను. గుడ్డకు అద్ది అంటించాను. చుక్క నీళ్ళు కలవలేదు, అంచుదాకా ఉంది.

"నిండా ఉండాది భాయ్."

"ఉంటే మంచిదే గదప్పా!"

"ఎవుడన్నా నిండా కొలుస్తాడా? రవ్వంత తగ్గితే యాపారం. తగ్గలేదంటే వాడు కొనేదానికి రాలేదు."

ఆఫీసరు మళ్ళీ వస్తాడని భాయ్‌కు అర్థమైంది. ఆ పెట్రోలుతోనే స్నేహితుడి వ్యాను ఒకటి తెచ్చాడు. సీటు వెనక ఐర్లండ్ ఆయన్ను పడుకోబెట్టి, పైన పరుపులు కప్పి, మధ్యాహ్నం ప్రార్థన వేళకు నగరానికి దూరంగా మహబూలాలో తనకు తెలిసినవాళ్ళ గదికి చేర్చాడు. మేమూ అక్కడే ఉండిపోయాం.

కొన్నాళ్ళకు మా సామాన్లకోసం భాయ్ పాత భవనానికి వెళ్ళి వచ్చాడు. గుమ్మంలోనే పొట్ట పట్టుకుని నవ్వడం మొదలుపెట్టాడు. మేము వెళ్ళిన ఆ సాయంత్రమే ఆఫీసరు వచ్చాడట. చేతిలో ఇంజినుతో. అది నేలమీద నడవడం లేదని వాచ్‌మన్‌మీద కేకలు వేశాడట. పైకి వెళ్ళి, తలుపు పగలగొట్టించి, పట్టాలూ ట్రాన్స్‌ఫార్మరూ వైర్లూ అన్నీ ఊడబీకించి లారీకెక్కించాడట.

"పట్టాలు లేకుండా ఇంజిన్ అమ్మినావంటే నువ్వు మామూలు సేఠువు కాదప్పా!"

"రైలు కోసమే వచ్చినాడంటావా భాయ్? మనిషి కోసం వచ్చి, మనిషి లేకపోయేసరికి రైలు ఎత్తకపోయినాడేమో?"

"అల్లా! నీకు సచ్చినాక కూడా అనుమానం పోదు."

త్వరలోనే నేను బస్రా దారిన బస్సెక్కి జోర్డాన్ చేరి ఇంటికి వచ్చాను. భాయ్ ఉండిపోయాడు. చలికాలంలో తెల్లవాళ్ళను వదిలేసినప్పుడు ఐర్లండ్ ఆయన్ను బస్సుదాకా దింపింది ఆయనే. ఊరికి బయల్దేరేముందు నేను తిరిగిచ్చిన చలికోటు ఆ రోజు ఒంటిమీద ఉందట. "పట్టాలకు వేరే బేరం ఆడాల్సిందని సేఠ్‌కు చెప్పు," అన్నాడట ఎక్కుతూ.

"నవ్వుతా అన్న్యాడా, కోపంగా అన్న్యాడా?" అని భాయ్‌ను ఇన్నేళ్ళలో చాలాసార్లు అడిగాను. ఒక్కోసారి ఒక్కోలా చెబుతాడు. కోటు మాత్రం నేనిచ్చినప్పుడు బేరమాడకుండా తీసుకున్నాడు. ఆ సంగతి నాకింకా మింగుడుపడలేదు.