బోర్డు తిప్పిన డ్రైవరు

బుజ్జికి యాభై దాటాయి. అయినా బుజ్జే. ఆ పేరు పెట్టింది అన్నయ్య. ఇంకా ఆ పేరుతో పిలిచేదీ ఆయనొక్కడే. బట్టల దుకాణంలో ఆమె ఆల్టరేషన్ అక్క. వదులైన నడుములు బిగించడం, బిగిసిన చంకలు విప్పడం, పొడుగు ప్యాంట్ల కాళ్ళు మడిచి కుట్టడం ఆమె పని. కొత్త గుడ్డ మీద కత్తెర పెట్టే యోగం ఎప్పుడో గాని పట్టదు. ఎప్పుడూ ఇంకొకరు చెడగొట్టింది బాగుచేస్తూ ఉండడంతో ఆమెకు ఒక నమ్మకం బలపడిపోయింది. ఎంత చెడిన కుట్టయినా విప్పి మళ్ళీ వేస్తే సరిపోతుందని. ఆ నమ్మకమే ఆమె కొంప ముంచింది.

అన్నయ్య సిటీ బస్సు డ్రైవరు. ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ ఊరంతా ఆయన అరచేతిలో ఉండేది. ఏ సందులో దూరితే రైలు గేటు తప్పుతుందో, ఏ మలుపులో లారీలు అడ్డంగా నిలబడతాయో నిద్రలో లేపి అడిగినా చెప్పేవాడు. బుజ్జికేమో తూర్పేదో పడమరేదో ఇప్పటికీ తెలియదు. ఆమెకు తెలిసిన దిక్కులు రెండే: ముందు అన్నయ్య, వెనక తను. మొగుడు వదిలేసినప్పుడు ఆమె పెట్టె భుజాన వేసుకుని ముందు నడిచి తన ఇంటికి తెచ్చుకున్నది ఆయనే. "నేను లేనా నీకు దిక్కు" అన్నాడు మెట్లెక్కుతూ. వదిన ఇంకో కంచం పెట్టింది. ఆ వదినా పోయాక ఇద్దరే మిగిలారు. రెండో అంతస్తులో రెండు గదులు, తలుపు తీయగానే చెప్పుల స్టాండు, వంటింటి కిటికీ తెరిస్తే పక్కింటివాళ్ళ నీళ్ళ గొట్టం.

మతిమరుపు చెప్పి రాదు కదా. ఒకరోజు పాల ప్యాకెట్టు తేవడానికి వెళ్ళి అన్నయ్య చాలాసేపటికి గాని రాలేదు. ఇంకోరోజు వేరే వీధిలో, ఇలాంటిదే ఇంకో భవనంలో, రెండో అంతస్తు ఎక్కి ఎవరి తలుపుకో తన తాళంచెవి పెట్టి తిప్పుతూ నిలబడ్డాడు. లోపలివాళ్ళు దొంగనుకున్నారు. ఆయన వాళ్ళనే దొంగలనుకున్నాడు. బుజ్జి వెళ్ళి ఇద్దరికీ సర్దిచెప్పి తెచ్చుకుంది. ఆ ఇంటావిడ మంచిది కాబట్టి మంచినీళ్ళు ఇచ్చి పంపించింది.

డాక్టరు పరీక్షలన్నీ చూసి, ఈయన్ని ఒంటరిగా బయటికి వదలకండి, మీరు పనికి వెళ్ళేటప్పుడు బయట తాళం పెట్టుకోండి అన్నాడు. రోజుకు రెండు మాత్రలు అన్నంత తేలిగ్గా అన్నాడు ఆ మహానుభావుడు. ఇంటికొచ్చాక చెప్పులు విప్పుతూ అన్నయ్య ఒక్క మాట అన్నాడు.

"డిపోలో బస్సుకి కూడా తాళం వెయ్యరు బుజ్జీ. మనిషికి వేస్తావా?"

"వెయ్యను అన్నయ్యా," అంది బుజ్జి. అక్కడితో ఊరుకోక ఆయన చెయ్యి పట్టుకుని ఒట్టు కూడా పెట్టింది. పెట్టేటప్పుడు ఎంత సులువో ఒట్టు.

ఒట్టు పెట్టిందే గాని ఎలా నిలబెట్టుకోవాలో తోచలేదు. ఆమె పనికి వెళ్ళకపోతే ఇల్లు గడవదు. వెళ్తే, మధ్యాహ్నం ఆమెకు క్యారియర్ తేవడానికి ఆయన బయలుదేరతాడు. మానమంటే మానడు. దుకాణం దాకా దారి ఇంకా తప్పలేదు గాని, వచ్చిన ప్రతిసారీ ఒక పని చేసేవాడు. క్యారియర్ బల్ల మీద పెట్టి, తిరిగి వెళ్తూ, అద్దాల తలుపుకు వేలాడే బోర్డును తిప్పేసేవాడు. 'తెరిచి ఉంది' అన్నది కాస్తా 'మూసి ఉంది' అయ్యేది. ఒకసారి ఎవరూ గమనించలేదు. సాయంత్రం దాకా ఒక్క గిరాకీ రాలేదు. దుకాణం ఓనరు ఈగలు తోలుకుంటూ కూర్చుని, చివరికి టీకని బయటికి వెళ్ళి చూసుకుని నవ్వలేక ఏడవలేక లోపలికొచ్చాడు. మీ అన్నయ్య నా దుకాణం మూయించేదాకా ఊరుకునేలా లేడమ్మా అన్నాడు.

అందులో అన్నయ్య తప్పేమీ లేదు. ఆయన నడిపిన బస్సులకు ముందు అద్దం దగ్గర రేకు బోర్డు ఉండేది. ఒకవైపు వెళ్ళే చోటు పేరు, రెండోవైపు తిరిగొచ్చే చోటు పేరు. ఆఖరి స్టాపు చేరగానే డ్రైవరు ముందు ఆ బోర్డు తిప్పాలి, తర్వాతే టీ అయినా నీళ్ళయినా. తిప్పడం మరిచిపోతే జనం తప్పు బస్సెక్కుతారు. ఉద్యోగమంతా ఒక్కరోజు కూడా మరిచిపోలేదాయన. ఇప్పుడు భార్య పోయిన సంగతి మరిచిపోతున్నాడు గాని బోర్డు తిప్పడం మరిచిపోవడం లేదు.

అలాంటి రోజుల్లో ఒక లెక్కల టీచరమ్మ రెయిన్‌కోటు జిప్పు మార్పించుకోవడానికి దుకాణానికి వచ్చింది. కోటు జేబులోంచి సబ్బు పెట్టెంత పసుపుపచ్చ యంత్రం తీసి బల్ల మీద పెట్టింది. ఇదేమిటని బుజ్జి అడగడమే ఆలస్యం, ఆవిడ పాఠం మొదలుపెట్టింది. ఇది జీపీఎస్ అట. దీంతో ఒక ఆట ఉందట, జియోకాషింగ్ అని. ఎవరో ఒకరు ఎక్కడో ఓ చోట చిన్న డబ్బా దాచి, ఆ చోటు అంకెలు నెట్‌లో పెడతారు. మిగతావాళ్ళు ఆ అంకెలు దీనికి ఎక్కిస్తే బాణం దారి చూపిస్తుంది. వెళ్ళి, వెతికి, డబ్బాలోని కాగితం మీద పేరు రాసి, మళ్ళీ ఉన్నచోటే పెట్టి వచ్చెయ్యాలి. దొరికినదాన్ని అక్కడే వదిలేసి రావడం ఏం ఆటో బుజ్జికి అర్థం కాలేదు. కానీ బాణం మాట మాత్రం చెవిలో నిలిచిపోయింది. అది ఇంటికి కూడా దారి చూపిస్తుందా అని అడిగింది. ఎక్కడ నిలబడి 'ఇల్లు' అని గుర్తు పెడితే అక్కడికి చూపిస్తుందండీ అంది టీచరమ్మ.

ఆవిడ తన పాత యంత్రాన్ని వాడుకోమని ఇచ్చి, సెలవురోజున గ్రంథాలయం వెనక పార్కులో నేర్పుతానంది. బుజ్జి దాన్ని రెండు చేతులా పట్టుకుని చెట్ల మధ్య నిలబడింది. బాణం గిర్రున తిరిగింది, కాసేపు ఇటు, కాసేపు అటు. పాడైపోయిందనుకుంది ఆమె.

"నిలబడితే దానికి దిక్కు తెలియదండీ," అంది టీచరమ్మ. "నాలుగడుగులు వెయ్యండి, చెప్తుంది."

నాలుగడుగులు వేస్తే నిజంగానే బాణం కుదురుకుంది. డబ్బా ఉన్న చోటికి దగ్గరపడ్డాక ఇక యంత్రాన్ని జేబులో పెట్టెయ్యమంది టీచరమ్మ. ఆఖరి కొన్ని అడుగులు దానికి చేతకాదట, కళ్ళతోనే వెతుక్కోవాలట. బుజ్జి పొదలు దులిపింది, బల్లల కింద పాకింది, చీమలతో కుట్టించుకుంది. చివరికి చూస్తే డబ్బా ఆమె సంచీ పెట్టిన రాయి కిందే ఉంది. చంకలో బిడ్డను పెట్టుకుని ఊరంతా వెతికినట్టయింది. వదిన పోయాక బుజ్జి అంతగా నవ్వింది ఆ రోజే.

ఇక అన్నయ్యకు నేర్పాలి. నాకు దారి చెప్పడానికి ఇదెవరు అని ఆయన యంత్రాన్ని ముట్టుకోలేదు. రెండు రోజులు బతిమాలి, చివరికి బుజ్జి ఆయన భాషలో చెప్పింది: ఇది డ్యూటీ అన్నయ్యా, డబ్బా దాకా ఒక ట్రిప్పు, తిరిగి ఇంటికి ఒక ట్రిప్పు. డ్యూటీ అనగానే ఇస్త్రీ చొక్కా వేసుకుని తయారయ్యాడు.

యంత్రంలో రెండే పేర్లు ఉంచింది, 'డబ్బా', 'ఇల్లు'. బొత్తాలు దాచుకునే రేకు డబ్బా ఖాళీ చేసి, ఒకరోజు తపాలా పెట్టె వెనక, ఒకరోజు పార్కు గోడ పక్కన పెట్టేది. చోటు మారినప్పుడల్లా అక్కడ నిలబడి, 'డబ్బా' మీదికి వెళ్ళి, 'ఇక్కడికి మార్చు' అన్నది నొక్కేది. అన్నయ్య పక్కనే ఉండి అంతా శ్రద్ధగా చూసేవాడు. చూడనీ, నేర్చుకుంటాడనుకుంది. చూసినది ఎప్పుడూ ఊరికే పోదు కదా.

మొదట ఆమె కాస్త ఎడంగా వెనకే నడిచేది. మళ్ళీ ఆయన ముందు, ఆమె వెనక. సందు మొదట్లో ఆయన ఆగి, ఇటూ అటూ చూసి, బస్సు తిప్పినట్టే వెడల్పుగా మలుపు తిరిగేవాడు. డబ్బా దొరికితే కాగితం మీద తన డ్యూటీ నంబరు రాసేవాడు. తర్వాత బుజ్జి చాటునుంచి వచ్చి 'ఇల్లు' నొక్కి ఇచ్చేది. బాణం వెంట ఇద్దరూ ఇల్లు చేరేవారు. ఇల్లు అలకగానే పండగ కాదని ఆమెకు తెలియక కాదు. కానీ చాలా రోజుల తర్వాత ఆయన మెట్లు తడుముకోకుండా ఎక్కుతుంటే ఆశ పడకుండా ఎలా ఉంటుంది? ఒక్కసారి, తను వెనక లేకుండా, వెళ్ళి 'ఇల్లు' తనే నొక్కుకుని తిరిగొస్తే చాలు, తాళం మాట ఇక జన్మలో ఎత్తనక్కర్లేదు అనుకుంది.

ఆ ఒక్కసారికి రోజు కుదుర్చుకుంది. పొద్దున్నే పార్కులో, పాత పంపు గది దగ్గరి సిమెంటు బల్ల కింద డబ్బా పెట్టింది. ఇంటికొచ్చి అన్నయ్యకు యంత్రం ఇస్తూ, దారిలో ఎవరేం చెప్పినా వినకు, ఇది అబద్ధం చెప్పదు, డబ్బా చూసుకుని ఇంటికొచ్చి, అప్పుడు క్యారియర్ తీసుకుని దుకాణానికి రా అని చెప్పింది. సరే అన్నాడు. ఆమె పనికి వెళ్ళింది.

భోజనాల వేళ దాటింది. క్యారియర్ రాలేదు. ఆ మధ్యాహ్నం ఆమె కుట్టిన ప్యాంటుకు ఒక కాలు పొట్టి, ఒక కాలు పొడుగు అయింది. వాన మొదలయ్యాక ఇక ఆగలేక పరుగెత్తింది. ఇంటి తలుపు బార్లా తెరిచి ఉంది. క్యారియర్ వంటింటి గట్టు మీదే ఉంది. మళ్ళీ మెట్లు దిగి పార్కు వైపు పరుగెత్తింది. దారి ఎవరినీ అడగలేదు. అప్పుడు ఆ సంగతి ఆమెకు తట్టనే లేదు.

అన్నయ్య సిమెంటు బల్ల మీద కూర్చుని ఉన్నాడు. ఇస్త్రీ చొక్కా ఒంటికి అతుక్కుపోయింది. చెప్పులు విప్పి, బల్ల పక్కన జతగా, మడమలు పంపు గది గోడకు ఆనించి పెట్టాడు, ఇంట్లో స్టాండులో పెట్టినట్టే. ఒక చేతిలో యంత్రం, ఇంకో చేతిలో ఇంటి తాళంచెవి.

"వచ్చావా బుజ్జీ," అన్నాడు. "తలుపు కనపడటం లేదు."

ఆమె యంత్రం లాక్కుని చూసింది. 'ఇల్లు: వచ్చేశారు' అని ఉంది. నాలుగడుగులు వేసి చూసింది. బాణం వెనక్కి తిరిగి ఆ బల్లనే చూపించింది. ఆ బల్ల దగ్గర నిలబడి, 'ఇల్లు' మీదికి వెళ్ళి 'ఇక్కడికి మార్చు' నొక్కేశాడాయన. రోజూ తను నొక్కింది అదే కదా.

"ఎందుకు మార్చావు అన్నయ్యా?"

"ట్రిప్పు అయ్యాక బోర్డు తిప్పొద్దూ?" అన్నాడాయన, ఇంత చిన్న విషయం కూడా తెలియదా అన్నట్టు.

ఇది మన ఇల్లు కాదు, లే పోదాం అంది. ఆయన లేవలేదు. ఎవరేం చెప్పినా వినొద్దని నువ్వే అన్నావుగా, ఇది అబద్ధం చెప్పదన్నావుగా అన్నాడు. చలికి పళ్ళు టకటకా కొట్టుకుంటున్నాయి. ఎంతసేపటినుంచి కూర్చున్నాడో, దారిన పోయేవాళ్ళలో ఎందరిని తలుపు ఎక్కడని అడిగాడో ఆమెకు ఎప్పటికీ తెలియదు. ఆమె వంగి చెప్పులు తొడిగి, ఆయన చెయ్యి పట్టుకుని లేపింది. చెయ్యి పట్టుకు నడిపిస్తే ఇంతెత్తున లేచే మనిషి, ఆ రోజు పట్టుకోనిచ్చాడు.

"నీకు దారి తెలుసా?" అన్నాడు భయంగా.

"తెలుసు," అంది. నిజంగానే తెలుసు. ఇన్నాళ్ళకు తెలిసింది. ఎందుకు తెలిసిందిరా దేవుడా అనిపించింది ఆమెకు. ఆమె ముందు, ఆయన వెనక, వానలో ఇల్లు చేరారు.

టీచరమ్మ విని చాలా నొచ్చుకుంది. ఆ మార్చే మీట మీద ఏదైనా అంటిద్దాం, ఇంకోసారి ప్రయత్నించండి అంది. బుజ్జి వద్దని యంత్రం తిరిగిచ్చేసింది. ఆ మీట మూస్తే రేపు ఇంకో మీట. ఆయన మరిచిపోయింది నేర్పవచ్చు. మరిచిపోనిదాన్ని ఎవరు విప్పగలరు? కుట్టు చెడితే విప్పి వేసుకోవచ్చు గాని, అక్కడ చెడింది కుట్టు కాదు, గుడ్డే పీలికలైపోతోంది. యంత్రంలో 'ఇల్లు' ఇంకా పార్కు బల్ల దగ్గరే ఉంది. దాన్ని సరిచెయ్యాలని కూడా ఆమెకు అనిపించలేదు.

వానలో తడిసి అన్నయ్యకు వచ్చిన జ్వరం తగ్గాక, పనికి వెళ్ళే రోజున, బుజ్జి కొత్త తాళం సంచీలో దాచుకుని అన్నం పెట్టింది. మాత్రలు ఇచ్చింది. పోట్లాడతాడనుకుంది. డిపో మాట ఎత్తుతాడనుకుంది. ఎత్తితే బాగుండు, కాళ్ళ మీద పడి ఏడవడానికైనా సిద్ధంగా ఉంది. ఆయన కిటికీ దగ్గర కుర్చీలో కూర్చుని పక్కింటి నీళ్ళ గొట్టం వైపు చూస్తున్నాడు. ఆమె బయటికి వచ్చి తలుపు దగ్గరగా వేసి, తాళం తగిలించి నొక్కింది. ఎంత మెల్లగా నొక్కినా చప్పుడైంది.

లోపలినుంచి అడుగుల చప్పుడు తలుపు దాకా వచ్చి ఆగింది.

"బుజ్జీ, బోర్డు తిప్పావా?"

"తిప్పాను అన్నయ్యా," అంది తలుపుకు నుదురు ఆనించి.

"సరే అయితే, వెళ్ళిరా," అన్నాడాయన.