టూరున్ చేతుల్లో పాదాలు

నార్వేలోని బెర్గెన్‌ ఊళ్ళో, చర్చి కింది గదిలో ప్రతి మంగళవారం ఉదయం టూరున్ చిన్న పీట వేసుకుని కూర్చుంటుంది. డెబ్బై ఏళ్ళ మనిషి. వీధుల్లో పడుకునేవాళ్ళు వానకు నానిన బూట్లు విప్పితే, వాళ్ళ పాదాలు గోరువెచ్చని నీళ్ళతో కడిగి, గోళ్ళు తీసి, పుళ్ళకు మందు రాస్తుంది. కళ్ళజోడు ముక్కు కొసకు జారితే తడిచేయి తగలకుండా మోచేత్తో పైకి తోసుకుంటుంది. పోయిన శీతాకాలంలో ఆమె భర్త చనిపోయాడు. అప్పటినుంచి ప్రార్థనకు కళ్ళు మూసుకుంటే ఏమీ అనిపించడం లేదు. ఏడుపూ రావడం లేదు. అయినా ఒక్క మంగళవారం కూడా మానలేదు.

ఒకరోజు ఎస్కిల్ అనే ముసలి నావికుడు వచ్చి బూటు విప్పాడు. మడమ చీము పట్టి వాసన కొడుతోంది. పక్కన కూర్చున్నవాళ్ళు లేచి దూరంగా వెళ్ళిపోయారు. అతను సిగ్గుపడి కాలు వెనక్కి లాక్కున్నాడు.

"ఏం తల్లీ, మామీద అంత ప్రేమా? లేక పరలోకంలో ఇప్పుడే కుర్చీ పట్టుకుంటున్నావా?" అన్నాడు ఎకసెక్కంగా.

టూరున్‌కు అబద్ధం చెప్పబుద్ధి కాలేదు.

"ప్రేమేం లేదయ్యా. ఆరు నెలలైంది, దేవుడి మీద కూడా ఏమీ అనిపించడం లేదు."

"మరెందుకొస్తున్నావ్?"

"ఒకరి పాదాలు ఒకరు కడగమన్న ప్రభువు, మనసైనప్పుడే కడగమని చెప్పలేదుగా. కాలిటియ్యి."

ఎస్కిల్ నవ్వలేదు. కాలు ఆమె ఒళ్ళో పెట్టాడు. కాసేపటికి వంగి, రెండో బూటు లేసు విప్పడం మొదలుపెట్టాడు.

"ఇది ఇంకా ఘోరంగా ఉంది. ఎవరికీ చూపించలేదు," అన్నాడు మెల్లగా.

టూరున్ లేచి వెళ్ళి నీళ్ళు మార్చుకుని వచ్చింది.