పెద్దమ్మ కుట్టిన తొమ్మిదో వారం

జహీరాబాద్ పట్టణవాసులకు, కోహీర్, న్యాల్‌కల్, రాయికోడ్ మండలాల పాఠకులకు, ఆయా గ్రామాల పొలిమేరల్లో నివసించు సమస్త దయ్యాలకు తెలియజేయునది: మా వీధి కిరాణా కొట్టు పెద్దమ్మ రెండు వారాల కిందటి సోమవారం ఉదయం చాయ్ తాగి, గ్లాసు కడిగి బోర్లించి, కుర్చీలో కూర్చుని కన్నుమూసింది. ఆమె చదివిన కథల ప్రమాణాల ప్రకారం ఇది మరీ సాదాసీదా మరణం. కుక్క ఊళ వేయలేదు, తలుపు కిర్రుమనలేదు, దీపం రెపరెపలాడలేదు.

ప్రకటనలో దయ్యాలను చేర్చడానికి కారణముంది. ఈ ప్రాంతంలో వాటికి సాహిత్య గౌరవం కల్పించిన వ్యక్తి ఆమె ఒక్కతే.

పెద్దమ్మ బీదర్ వైపు నుంచి కోడలిగా వచ్చింది. కన్నడం చదివేది, తెలుగు చదవడం రాదు. కొట్లో పొట్లాలు కట్టడానికి పాత వారపత్రికలు తూకానికి వచ్చేవి. రెండు లిపులూ అక్కాచెల్లెళ్ల పోలికే కనుక, పల్లీలు పొట్లం కడుతూ, కూడబలుక్కుంటూ తెలుగు చదవడం నేర్చుకుంది. ఆ రోజుల్లో ఏ వారపత్రిక తెరిచినా ఒక మాంత్రికుడో, పాడుబడ్డ బంగళావో, ఏడు సముద్రాల అవతలి రాకుమారుడో తప్పనిసరి. అందువల్ల ‘పప్పు’, ‘ఉప్పు’ కంటే ముందు ఆమెకు ‘కపాలం’, ‘క్షుద్రం’, ‘అట్టహాసం’ వచ్చాయి. వీధిలో మురుగు పారే మోరీ గురించి వార్డు ఆఫీసుకు ఆమె స్వహస్తాలతో రాసిన దరఖాస్తులో ‘సంధ్యవేళ విషపు బుడగలతో బుసలు కొట్టుచున్నది’ అనే వాక్యం ఉంది. మూడో రోజే మనుషులు వచ్చారు. సాహిత్యానికి సామాజిక ప్రయోజనం లేదనేవారికి ఈ ఉదాహరణ వినమ్రంగా సమర్పిస్తున్నాను.

పొట్లాలకు పోవలసిన సీరియల్ పేజీలను ఆమె వారాల వరుసలో పేర్చి, బస్తాలు కుట్టే దబ్బనంతో కుట్టి, సబ్బుల డబ్బా అట్ట వేసి, సరుకులతో పాటు చదవడానికి ఇచ్చేది. షరతు ఒక్కటే. పుస్తకం తిరిగి ఇచ్చేవారు గల్లా ముందు నిలబడి సమాధానం చెప్పాలి: “యాడ భయమైంది? చెప్పి పో.” ఎక్కడా భయం కాలేదని కోతలు కోసినవారికి మళ్లీ అదే పుస్తకం చేతికొచ్చేది. “సక్కగ చదువలే నువ్వు.”

తరవాత టీవీ వచ్చింది, తెల్లచీర దయ్యాలు ఇంటింటికీ వచ్చాయి. ఆ తరవాత ఫోన్లలోకీ వచ్చాయి. మనవరాలు ఫోన్లో ఏదో చూపిస్తే పెద్దమ్మ కళ్లద్దాలు సవరించుకుని ఆసాంతం చూసి తీర్పు ఇచ్చింది: “గిది భయం గాదు, లొల్లి. దయ్యమొచ్చే ముందర కుక్క మొరగాలె. చెప్పకుంట వచ్చేది దయ్యమెట్లయితది? చుట్టమైతది.” భయానక రసంపై నేను విశ్వవిద్యాలయంలో చదివిన ఏ గ్రంథమూ ఇంత క్లుప్తంగా లేదు.

విశ్వవిద్యాలయం ప్రసక్తి వచ్చింది కనుక ఒక నేరం అంగీకరించాలి. తెలుగు జనప్రియ సాహిత్యంలో భయానక, అద్భుత కథల చరిత్ర నా పరిశోధనాంశం. అందులో ఒక అధ్యాయం పూర్తిగా పెద్దమ్మ కుట్టిన ఒక పుస్తకం మీద నిలబడింది. ఎనిమిదో వారంలో మాంత్రికుడు శ్మశానంలో కపాలం ఎత్తుతాడు. తొమ్మిదో వారంలో ఇస్త్రీ చొక్కా వేసుకుని పెళ్లిచూపులకు వెళ్తాడు. ఉప్మా తింటాడు. పిల్లతో, “భయపడకండి. ఇష్టం లేకపోతే నాతోనే చెప్పండి” అంటాడు. పదో వారంలో మళ్లీ శ్మశానం. తొమ్మిదో వారంలో అతని పేరు కూడా వేరే కానీ, మాంత్రికులకు మారుపేర్లు సహజమే. భయం గృహస్థాశ్రమంలోకి ప్రవేశించిన చారిత్రక ఘట్టం ఇదేనని నలభై పేజీలు రాశాను. గైడు మెచ్చుకున్నారు.

మౌఖిక పరీక్షకు పది రోజుల ముందు నగరంలోని గ్రంథాలయంలో ఆ సీరియల్ అచ్చు నవల దొరికింది. అందులో పెళ్లిచూపులు లేవు. ఉప్మా అసలే లేదు. పట్టా చేజారినట్టే అనుకుంటూ, నవలలో తొమ్మిదో వారానికి చెందిన భాగం జిరాక్స్ తీయించుకుని నేరుగా కొట్టుకు వచ్చాను.

“పెద్దమ్మా, మాంత్రికుడు పెళ్లిచూపులకు పోలేదట.”

ఆమె కందిపప్పు తూచడం ఆపలేదు. “ఎవలన్నరు?”

“అచ్చు పుస్తకం.”

“గదా! అసలు తొమ్మిదో వారం ఎవలదో పల్లీల పొట్లమై కోహీర్ వోయింది బిడ్డా. ఇంకో సీరియల్ కాయిదం మీద గూడ తొమ్మిదో వారమనే ఉండె. నాకప్పుడు తెలుగు అంతంతే. కుట్టేసిన.”

“తెలిసినంక ఎందుకు తియ్యలే?”

“తీద్దామనే దబ్బనం వట్టిన. గప్పుడే న్యాల్‌కల్ నుంచి ఒకామె పుస్తకం తిరిగిచ్చెతందుకొచ్చింది. యాడ భయమైందంటె ఏడ్చింది. ‘నన్ను చూడనీకి వచ్చినోడు గిట్ల ఒక్క మాట అడగలే, మాంత్రికుడడిగిండు’ అన్నది. ఇగ తియ్యబుద్ధి గాలే.”

“మరి నా డిగ్రీ?”

ఆమె అప్పుడు తక్కెడ దించింది. “భయమైతుందా?”

“అయితుంది.”

“యాడ?”

“అబద్ధం దొరికిపోయే కాడ.”

“గట్లయితె గక్కడ్నే తలుపు తియ్యి. తీసినంకనే దయ్యం వోతది. అన్ని కథలల్ల అదే ఉన్నది, నలభై పేజీలు రాసినవ్, గది చూడలేదా?”

పరీక్షకుల ముందు చెప్పేశాను. పట్టా ఒక సంవత్సరం వెనక్కి పోయింది. ఆ అధ్యాయాన్ని మాత్రం ఉంచమన్నారు, రచయిత ఊహ గురించి కాకుండా పెద్దమ్మ దబ్బనం గురించీ, న్యాల్‌కల్ ఆమె కన్నీళ్ల గురించీ తిరగరాయమన్నారు. నా చదువులో నిజమైన భాగం అదొక్కటే. అది ఆమె ఇచ్చింది.

పరీక్షకు ముందు కొట్టుకు వెళ్లిన ఆ రోజే అసలు తొమ్మిదో వారం జిరాక్స్ ఆమె చేతిలో పెట్టాను. “ఉండనియ్యి, చూస్త” అని గల్లా కింద పెట్టింది. చాలా ఏళ్లు దాని ఊసే ఎత్తలేదు.

దినకర్మలు ముగిశాక పెద్దమ్మ కోడలు ఆ పుస్తకం తెచ్చి నా చేతికిచ్చింది. పెళ్లిచూపులు ఉన్నచోటే ఉన్నాయి, ఉప్మాతో సహా. జిరాక్స్ కాగితాలు చివరి పేజీ వెనక చేరాయి. పైన ఆమె చేతిరాత: ‘ఇది గూడ జరిగినది.’ పాత దారం పసుపు రంగుకు తిరిగింది. జిరాక్స్ కాగితాలను కుట్టిన దారం కొత్తది, తెల్లగా ఉంది. మూడు కుట్లు పడ్డాయి. నాలుగో కుట్టు సగంలో దబ్బనం దారానికి వేలాడుతూనే ఉంది.