స్టెతస్కోపు పెట్టించుకున్న కారు

మా కారు సందు మలుపు తిరిగిందంటే మా ఇంట్లో మొదట జరిగే పని మా అత్తమ్మ మూతి తుడుచుకోవడం.

ఎనభైల చివర్లో మేము నకిరేకల్‌లో కిరాయికి ఉండేవాళ్లం. మా ఆయన పశువుల డాక్టరు. కేతేపల్లి దిక్కు ఊళ్లు తిరగడానికి వీలుగా ఉంటుందని, చాలా చేతులు మారిన పాత చిన్న కారొకటి కొన్నాడు. అది ఒకప్పుడు తెలుపు రంగుదట. చూడ్డానికి పరవాలేదు గానీ ఇంజన్ ముందు భాగంలో ఒక మోత ఉండేది. సత్తుగిన్నెలో గుప్పెడు మేకులు వేసి కుదిపితే ఎట్లా ఉంటుందో అట్లా. పొద్దున స్టార్టు చేయగానే మరీ ఎక్కువ. సాయంత్రం హైవే దిగి మా సందు మలుపు దగ్గర యాక్సిలేటర్ మీది నుంచి కాలు తీసేవాడు కదా, అక్కడ ఇంకోసారి గట్టిగా గలగలమనేది.

ఆ గలగలతోనే మా సంసారం నడిచేది. అత్తమ్మకు చక్కెర బీమారి. ఇంట్లో బెల్లానికి, చక్కెరకు ఆయన తాళం వేసి తాళంచెవి జేబులో పెట్టుకుపోయేవాడు. పక్కింటి వదిన మాత్రం ఏ తీపి చేసినా గోడ మీద నుంచి ఒక గిన్నె అందించేది. ఇక నా సంగతి. వదినా నేనూ మధ్యాహ్నాలు అరుగు మీద సుద్దముక్కతో గళ్లు గీసి పచ్చీసు ఆడేవాళ్లం. ఆయనకు ఆ ఆటంటే పడదు. "గవ్వలు పట్టుకున్న ఇల్లు బాగుపడ్డట్టు ఎక్కడన్న విన్నవా?" అనేవాడు. మలుపు దగ్గర మోత వినబడగానే గవ్వలు నా కొంగులోకి, వదిన గోడవతలికి, తడిబట్ట గళ్ల మీదికి. ఆయన గేటు తీసేసరికి నేను చాటలో బియ్యం చెరుగుతూ, అత్తమ్మ కళ్లు మూసుకుని రామా రామా అంటూ ఉండేవాళ్లం. పశువుల దవాఖానలో కాంపౌండరు కూడా ఆ మోతనే నమ్ముకుని మందుల బల్ల మీద నిద్రపోయేవాడని తర్వాత తెలిసింది.

అట్లాంటిది, ఒకరోజు అన్నం తింటూ ఆయన, "గీ చప్పుడు సంగతేందో తేల్చాలె" అన్నాడు.

అత్తమ్మ చేతిలో ముద్ద చేతిలోనే ఆగింది. "చప్పుడుకేమైంది కొడుకా? మంచిగనే ఉన్నది గద."

"లోపల ఏదో లూజైందమ్మా."

"లూజైతే ఏమాయె? నా మోకాళ్లు చప్పుడు చేస్తలేవా? నన్ను గూడ ఇప్పి చూస్తవా?"

ఆయన వినలేదు. ఆదివారం పొద్దున్నే ఇంటి ముందు బానెట్ ఎత్తాడు. సాయానికి కాంపౌండరును పిలిపించాడు. మొదటి అనుమానం వాల్వులను తట్టే టాపెట్ల మీద. పలచటి రేకు ముక్కలు సందుల్లో దూర్చి ఓపికగా ఒక్కొక్కటే సరిచేశాడు. స్టార్టు చేస్తే టిక్కుటిక్కుమనే చిన్న శబ్దమొకటి పోయింది. పెద్ద మోత ఉండనే ఉంది.

"సార్, సైలెన్సరయ్యుంటది. వానలు పడంగనే దానంతట అదే సదురుకుంటది" అన్నాడు కాంపౌండరు. అతని ఆశ అతనిది.

ఆయన తలూపకుండా ఫ్యాన్ బెల్టు ఊడదీశాడు. వాటర్ పంపుదో డైనమోదో అయితే ఇప్పుడు చప్పుడు ఆగిపోవాలి. మళ్లీ స్టార్టు చేశాడు. మోత ఏమాత్రం తగ్గలేదు. కిటికీ వెనక నిలబడిన అత్తమ్మ నా చెవిలో, "దేవుడున్నడు" అంది.

అప్పుడు ఆయన లోపలికి వచ్చి, బ్యాగులోంచి స్టెతస్కోపు తీసుకుపోయాడు. చెవులకు తగిలించుకుని, తిరుగుతున్న ఇంజన్ మీద అక్కడొకసారి, ఇక్కడొకసారి ఆనించి, కళ్లు మూసుకుని వినడం మొదలుపెట్టాడు. సందులో జనం పోగయ్యారు. బర్రెకు మందు కోసం వచ్చిన ఒక ముసలాయన కాసేపు చూసి, "కారు సూడి కట్టిందా సార్?" అని అడిగాడు. నేను కిటికీ రెక్క వేసేసుకుని నవ్వాను.

బయట మాత్రం ఆయన మొఖం వెలిగిపోతోంది. ఇంజన్ ముందున్న రేకు మూత మీద వేలితో కొట్టి, "టైమింగ్ చైను!" అన్నాడు. కష్టపడిన బర్రె సుఖంగా ఈనిన రోజు కూడా ఆయనకు అంత సంతోషం ఉండేది కాదు.

మధ్యాహ్నం మాకు అర్థమయ్యేటట్టు చెప్పాడు. ఆ మూత లోపల రెండు పళ్ల చక్రాలుంటాయట. సైకిలుకున్నట్టే వాటి మీద ఒక చైను. కింది చక్రం ఇంజన్‌తో పాటు తిరుగుతుంది, పైది ఏ వాల్వు ఎప్పుడు తెరుచుకోవాలో ఎప్పుడు మూసుకోవాలో చూస్తుంది. చైను సాగింది. దాన్ని బిగువుగా ఒత్తి పట్టే ముక్క అరిగింది. అందుకే చైను ఊగులాడి మూతకు కొట్టుకుంటోంది.

"ఉండనీ తియ్, కొట్టుకుంటే కొట్టుకోనీ" అంది అత్తమ్మ.

"ఏదో ఒకనాడు పళ్ల మీదికెళ్లి జారుతదమ్మా. అప్పుడు ఇంజనే పోతది."

మర్నాడు ఆయన డ్యూటీకి పోగానే అత్తమ్మ చెప్పులు వేసుకుంది. "నడువు, కూరగాయలకు పోదాం" అంది. సంచీ మరిచిపోయింది. నేరుగా హైవే పక్కన మిస్త్రీ షెడ్డుకు తీసుకుపోయింది. ఆ మిస్త్రీ సాయిబు మాకు తెలిసినవాడే. వాళ్ల మేకలకు మా ఆయనే సూదులు వేసేవాడు.

"భాయ్, నీతోని ఒక పని వడ్డది" అంది అత్తమ్మ, తిరగేసిన టైరు మీద కూర్చుంటూ. "నా కొడుకు కారు తెస్తడు. చైను మోత తియ్యమంటడు. నువ్వు తియ్యి. గని మొత్తం తియ్యకు. జర మిగిలియ్యి."

మిస్త్రీ చేతిలో పానా పట్టుకుని అట్లాగే చూశాడు. "జర మిగిలియ్యాల్నా? గదేమన్న కూరల కారమా అమ్మా, జర ఎక్కువ జర తక్కువ ఎయ్యనీకి?"

అత్తమ్మ దాచుకోలేదు. గోడ మీది గిన్నె సంగతి, నా గవ్వల సంగతి, రామనామం సంగతి అన్నీ చెప్పింది. చివరికి, "మేం గూడ బతకాలె గద బిడ్డా" అంది. మిస్త్రీ నవ్వి నవ్వి, తువ్వాలతో కళ్లు ఒత్తుకున్నాడు. తర్వాత మాత్రం నెమ్మదిగా చెప్పాడు. "నాతోని గాదమ్మా. ఢీలా చైనుతోని పంపితే డాక్టర్ సాబ్ ఏ చెలకల నడుమనో ఆగిపోతడు. మీకే ఫికరైతది."

ఆ మాటతో అత్తమ్మ మెత్తబడింది. "వద్దొద్దు. నా కొడుకు తొవ్వల ఆగొద్దు. మొత్తమే తియ్యి." లేచి నాలుగడుగులు వేసి మళ్లీ వెనక్కి తిరిగింది. "ఎనక దిక్కు ఒక గంటన్న కట్టరాదు?"

"ఎడ్లబండా అమ్మా గది?"

హైదరాబాదు నుంచి సామాను రాగానే కారు షెడ్డెక్కింది. మధ్యాహ్నం నేను టిఫిన్ గిన్నె తీసుకుని పోయేసరికి రేడియేటర్ ఒకపక్క, ఫ్యాన్ ఒకపక్క పరిచి ఉన్నాయి. కింది పుల్లీ నట్టు ఎంతకీ రావడం లేదు. పానాకు పొడుగాటి పైపు తొడిగి మిస్త్రీ వేలాడుతున్నాడు. మా ఆయన చొక్కా చేతులు పైకి మడిచి, "జరుగు భాయ్, గుంజుడు నాకలవాటే" అని పైపు పట్టుకున్నాడు. ఇద్దరూ కలిసి గుంజితే నట్టు కిర్రుమని కదిలింది, ఇద్దరూ వెల్లకిలా పడ్డారు. లేచి ఒకరి వీపు ఒకరు దులుపుకున్నారు.

మూత తీశాక ఆయన నన్ను దగ్గరికి పిలిచి చూపించాడు. నూనెలో నల్లగా మెరుస్తూ చైను. మిస్త్రీ బొటనవేలితో ఒత్తితే పాత మంచం నులకలాగా లోపలికి కుంగింది. చక్రాల పళ్లు మొనలు తేలి ఉన్నాయి. మూత లోపలివైపు చైను రాసుకున్న చోట తళతళలాడే గీత పడింది.

"చూసినవా? నేనేం చెప్పిన?" అన్నాడు ఆయన నాతో.

"సాబ్‌ది పక్కా చెవి" అన్నాడు మిస్త్రీ. నా వైపు చూసి మీసాల్లో నవ్వుకున్నాడు. నేను మొఖం తిప్పుకుని టిఫిన్ గిన్నె విప్పాను.

కొత్త చక్రాలు, కొత్త చైను, ఒత్తి పట్టే కొత్త ముక్క. చక్రాల మీద చిన్న గుర్తులుంటాయి, ఆ రెండూ ఎదురెదురుగా వచ్చేటట్టు కూర్చితేనే చైను ఎక్కించాలి. మిస్త్రీ ఎక్కించాక ఇంజన్‌ను చేత్తోనే మెల్లగా తిప్పి, ఎక్కడా తట్టుకోవడం లేదని, గుర్తులు మళ్లీ కలిశాయని చూసుకుని గానీ మూత పెట్టలేదు. అన్నీ బిగించి, నూనె పోసి స్టార్టు చేస్తే, మొదట నాకు స్టార్టయినట్టే తెలియలేదు. కుట్టుమిషను నడిచినట్టు సన్నగా ఉంది. నా పక్కనున్న కాంపౌండరు, "పాయె" అన్నాడు.

నిజంగానే పోయింది. మోత లేదని తెలిసినా మా అలవాట్లు మారలేదు. మర్నాడు మొదట దొరికింది అతనే. మా ఆయన చప్పుడు లేకుండా లోపలికి పోయి, నిద్రపోతున్న అతని ఛాతీ మీద స్టెతస్కోపు పెట్టాడట. అతను కళ్లు తెరవకుండానే, "బర్రెను కట్టెయ్యుండ్రి, సార్ రాలె" అన్నాడట. ఆ సాయంత్రమే మా వంతు. వదినా నేనూ ఆట మంచి పట్టులో ఉన్నాం. నేను గవ్వలు వేసి ఏం పడ్డాయో చూసేలోపే, "పచ్చీసు పడ్డది" అని నా వెనక నుంచి ఆయన గొంతు. వదిన గోడ దూకిన దూకుడు ఇప్పటికీ నా కళ్లలో ఉంది. లోపల అత్తమ్మ నోటినిండా బూరె. మింగలేదు, ఉమ్మలేదు. "ఏం తింటున్నవమ్మా?" అంటే చెయ్యెత్తి దేవుడి పటం చూపించింది. గవ్వలు ఆయన జేబులోకి పోయాయి. గోడ మీద ముళ్లకంప పడింది.

ఇల్లు బోసిపోయింది. అత్తమ్మ నాతో కూడా సరిగా మాట్లాడేది కాదు. కానీ కొన్నాళ్లకు ఆమే ఒక సంగతి పసిగట్టింది. "ఏమే, వీడు ఈ నడుమ రోజూ ఆలస్యంగ ఒస్తుండు. అన్నం గూడ సగమే తింటుండు. ఏంది కథ?" అడిగితే ఆయన దగ్గర ఒకే జవాబు. ఏదో ఊళ్లో ఏదో బర్రె కష్టపడింది.

ఒక సాయంత్రం అత్తమ్మ కళ్లద్దాలు బాగుచేయించడానికి బస్టాండు వైపు పోయాం. తిరిగి వస్తూ అడ్డదారిలో మా ఇంటి వెనక సందులోకి తిరిగేసరికి, మిరపకాయ బజ్జీల బండి పక్కన, గోడకు ముక్కు ఆనించి మా కారు. లోపల మా ఆయన. ఒళ్లో పరిచిన పేపరు, పేపరు మీద బజ్జీలు. ఈయనే కదా, తనకు కడుపులో మంట అని ఇంట్లో తాలింపు నూనె కూడా చెంచాతో కొలిపించింది!

బజ్జీలాయన మమ్మల్ని చూసి మర్యాదగా, "సార్ రోజూ గీ టైంకే ఒస్తడమ్మా. మొదలు వద్దామంటే బండి మోత మీ ఇంటిదాంక ఇనొస్తుండె. గా చప్పుడు వోయినంక ఫికర్ లేదు" అన్నాడు.

ఆదివారమంతా స్టెతస్కోపు పట్టుకుని పడిన తపన ఎందుకో అప్పుడు తెలిసింది నాకు.

అత్తమ్మ నేరుగా కారు దగ్గరికి నడిచింది. వెనక తలుపు తీసుకుని ఎక్కి కూర్చుంది. నేను ముందు సీట్లో కూర్చున్నాను. ఆయన చేతిలో మిరపకాయ తొడిమ అట్లాగే ఉంది.

"ఏ బర్రె కష్టపడ్డది కొడుకా?" అంది అత్తమ్మ.

"అమ్మా, అదీ..."

"నాకు రెండు బజ్జీలు ఇటియ్యి. తర్వాత మాట్లాడుదాం."

అక్కడే, ఆ కారులోనే బేరం కుదిరింది. డాక్టరు కాబట్టి ఆయన చక్కెర దగ్గర గట్టిగా పట్టుబట్టాడు. చివరికి పండుగలకు మాత్రం ఒక్క ముక్క అని, అది కూడా తన కళ్లముందే అని ఒప్పుకున్నాడు. గవ్వలు నాకు తిరిగి వచ్చాయి. అంతటితో అయిపోయిందనుకున్నాడు.

"నాకు కారు నేర్పియ్యాలె" అన్నాను.

ఆయనకు పొలమారింది. అత్తమ్మ వెనక నుంచి వీపు మీద చరుస్తూ, "నేర్పిస్తడు తియ్. ఎట్లైన బర్రెలు ఏం కష్టపడ్తలేవు గద" అంది.

కేతేపల్లి దగ్గర కాలువ కట్ట మీద నేర్పించాడు. క్లచ్చు వదలడం చేతగాక నేను కారును మేకపిల్లలాగా గెంతించాను. ఆయన అరిచాడు, నేనూ అరిచాను, అత్తమ్మ వెనక కూర్చుని ఇద్దరినీ తిట్టింది. ఒకసారి నిజం మేకల మందే ఎదురొస్తే, వాటి నడుమ ఆపి, మళ్లీ స్టార్టు చేసే ధైర్యం లేక, మంద మొత్తం పోయేదాకా కూర్చున్నాను. అయినా వానకాలం మొదలయ్యేసరికి నాకు నడపడం వచ్చేసింది.

ఆ ఏడు భువనగిరిలో మా ఆడబిడ్డ ఇంట్లో పెండ్లికి నేనే నడుపుకుంటూ పోయాను. దారంతా ఆయన పక్కన కూర్చుని, లేని బ్రేకును కాలితో తొక్కుతూనే ఉన్నాడు. పందిరి ముందు కారు ఆపితే, ఆడబిడ్డ భర్త ఎదురొచ్చి, నన్ను, స్టీరింగును, ఎడమవైపు నుంచి దిగుతున్న ఈయన్ను మార్చి మార్చి చూశాడు.

"ఏం బావా, డ్రైవర్‌ను పెట్టుకున్నవా?"

"పెట్టుకున్న" అన్నాడు మా ఆయన, పంచె సర్దుకుంటూ. "మంచిగనే నడుపుతది. గని ఒక్క మాట ఇనదు."