అట్ట మీద పిన్నీసులు

భీమమ్మ నవ్వగా చూసినవాళ్లు బషీరాబాద్ మండలంలో తక్కువ. ఆమె పాడితే పెళ్లి పందిట్లో ముసలాళ్లు కూడా లేచి చిందేస్తారు. పాట ఆపి తిట్లు మొదలుపెడితే వంటవాళ్లు గరిటెలు వదిలేసి పోతారు. పుస్తెల తాడుకు ఎప్పుడూ ఓ గుత్తి పిన్నీసులు వేలాడుతుంటాయి. పెళ్లికూతురి కొంగు జారినా, డప్పు పట్టీ తెగినా, ఎవరి జాకెట్టు హుక్కు ఊడినా ఆమె దగ్గరికే పరుగెత్తుకొస్తారు. తిడుతూనే పిన్నీసు పెట్టి పంపిస్తుంది.

ఆ కోపం పుట్టుకతో సగం వచ్చింది, మిగతా సగం యూట్యూబు ఇచ్చింది. కంది చేలో ఆమె పాడుకునే పాటను ఎవరో రికార్డు చేసుకుపోయారు. గొంతు భీమమ్మది. తెర మీద పెదవులు కదిపింది మాత్రం తెల్లగా సన్నగా ఉన్న పట్నం పిల్ల. పాట ఊరూరా మోగింది. ఆ తర్వాత తాండూరులో ఓ పెళ్లికి పోయి అదే పాట అందుకుంటే, పెళ్లివారు మెచ్చుకున్నారు.

"అచ్చం గా పిల్ల లెక్కనే పాడుతున్నవ్ పెద్దమ్మా."

ఆ రోజు భీమమ్మ అన్నం ముట్టకుండా ఇంటికొచ్చేసింది.

అందుకే వికారాబాద్ నుంచి అమర్‌నాథ్ సారు వచ్చి, తాను నడిపే 'పాటల గంప' అనే సంగీత మాసపత్రిక అట్ట మీద ఆమె ఫొటో వేస్తానన్నప్పుడు ఆమె ఒక్కటే అడిగింది.

"నా మొకమే ఏస్తవా సారూ, ఇంకెవ్వలదన్న ఏస్తవా?"

"నీదే అమ్మా."

"యాదుంచుకో మరి."

ఫొటో తీసి అట్ట తయారుచేసే పని తాండూరు బస్టాండు దగ్గర ఫ్లెక్సీల దుకాణం నడిపే షెహబాజ్‌కు పడింది. నాయకుల పుట్టినరోజులు కానీ, చచ్చినోళ్ల దినాలు కానీ, ఊళ్లో ఏ మొహం గోడకెక్కాలన్నా ముందు షెహబాజ్ కంప్యూటరులో స్నానం చేయాల్సిందే. నల్లవాళ్లు తెల్లబడతారు. ముడతలు పోతాయి. అడగకపోయినా కోటు వచ్చి ఒంటి మీద పడుతుంది.

భీమమ్మంటే వాడికి ప్రాణం. వాడి అక్క కైనాత్ నికాహ్ రోజు దుపట్టా చిరిగితే పిన్నీసు పెట్టి పరువు కాపాడింది ఆమే. అంత ప్రేమ ఉంది కాబట్టే ఆమె ఫొటో తీసి, మొహం బాగా తెల్లగా చేసి, తన దగ్గరున్న వాటిలో అన్నిటికంటే ఘనమైన డిజైను తీశాడు. చుట్టూ బంతిపూల దండ, కింద రెండు దీపాలు, వెనక తెల్ల మబ్బులు. అందులో ఉన్న పాత పేరు చెరిపి పత్రిక పేరు రాశాడు. మురిసిపోయి తలుపంత ఫ్లెక్సీ కొట్టి దుకాణం ముందు కట్టాడు.

మర్నాడు పొద్దున భీమమ్మ పెరట్లో ఎండుమిరపకాయలు దంచుతుంటే వాకిట్లో ఏడుపు వినబడింది. తాండూరు బస్సు దిగి వచ్చిన పక్కింటి నాగమ్మ, అరుగు మీద కూర్చున్న భీమమ్మ మొగుడు బీరన్నను పట్టుకుని శోకం పెడుతోంది.

"ఎంత పనాయె బావా. నిన్నటిదాంక మంచిగనే ఉండె గదా."

"ఎవలు?"

"భీమక్కనే. తాండూర్ల దండేసి, దీపాలు పెట్టి బొమ్మ కట్టిండ్రు."

బీరన్న బీడీ నోట్లోంచి తీసి ఆలోచించాడు. "లోపల్నే ఉంది. ఆమెనే అడుగు."

భీమమ్మ బయటికొచ్చింది. నాగమ్మ ఏడుపు నడుమనే తెగిపోయింది.

"ఆపినవేందే? కానియ్యి. నేను పోయినంక ఎట్లేడుస్తవో జర సూస్త."

అంతలోనే బొంరాస్‌పేట పెళ్లివారు ఫోన్ చేశారు. మనసుకు కష్టంగానే ఉందనీ, కానీ ముహూర్తం దగ్గరపడింది కాబట్టి వేరే పాటగత్తె ఎవరైనా ఉంటే చెప్పమనీ బీరన్ననే అడిగారు. ఫోన్ భీమమ్మ లాక్కుంది. ఆమె "హలో" అనగానే అవతల పెట్టేశారు.

కారం చేతులతోనే ఆటో ఎక్కింది. దుకాణంలో షెహబాజ్ కెమెరా తుడుచుకుంటున్నాడు.

"సంపితే సంపినవ్. తెల్లగ చేసి ఎందుకు సంపినవ్ రా?"

"పెద్దమ్మా, నా తాన గదే మస్తు డిజైన్. కందుల సేటుకు గూడ గదే పెట్టిన."

"గా సేటు యాడున్నడు ఇప్పుడు?"

షెహబాజ్ కళ్లు పైకెత్తి ఆకాశం చూశాడు.

"గదే అడుగుతున్న. గా యూట్యూబోడు నా గొంతు ఉంచుకోని మొకం పారేసిండు. మొకం ఏస్తమని మీరొస్తిరి. నువ్వు గీ మొకాన్ని గూడ మార్చినవ్. ఇగ నాదని ఏం మిగిలిందిరా?"

ఆమె ఎత్తిన కారం చెయ్యి ఎక్కడ మీద పడుతుందోనని షెహబాజ్ కెమెరాను మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. భయానికి వేలు బటన్ నొక్కేసింది.

ఫొటోలో భీమమ్మ నోరు బార్లా తెరిచి ఉంది. ఊడిన పన్ను సందు కనిపిస్తోంది. ఎత్తిన చెయ్యి కారంతో ఎర్రగా ఉంది. గుండెల మీద పిన్నీసులు గాల్లోకి లేచాయి. ఆమె కెమెరా లాక్కుని దాన్ని చూసింది.

"గిది నేను. గిదే ఎయ్యి. రంగు ముట్టినవంటే చెయ్యి ఇరుగుతది."

పత్రిక వచ్చింది. బస్టాండు పుస్తకాల బంకు ముందు నిలబడి భీమమ్మ అట్ట మీద బొటనవేలు పెట్టి గోడకు సున్నం ఎక్కడ తప్పిందో చూసినట్టు చూసుకుంటూ పోయింది. నలుపు ఉంది. ముడతలున్నాయి. పన్ను సందు ఉంది. మెడ దగ్గర వేలు ఆగింది. పుస్తెల తాడు కడిగినట్టు మెరుస్తోంది.

"పిన్నీసులేవిరా?"

"అట్ట మీద బాగుండయని జర సాఫ్ చేసిన పెద్దమ్మా." పక్కనే ఉన్న షెహబాజ్ తల గోక్కున్నాడు. "చెయ్యి ఆగలే."

భీమమ్మ తిట్టలేదు. అది చూసి వాడు రెండడుగులు వెనక్కి వేశాడు. ఆమె బజారుకు పోయి పిన్నీసుల డబ్బాలు కొనుక్కొచ్చింది. బంకు ముందు స్టూలేసుకుని, కట్టలోంచి ఒక్కో పత్రిక తీసి, తన బొమ్మకు తనే గుండెల మీద పిన్నీసు గుచ్చడం మొదలుపెట్టింది. పక్కన షెహబాజ్ పిన్నీసులు తెరిచి అందించాడు. సంగతి తెలిసి అమర్‌నాథ్ సారు ఫోన్ చేశాడు.

"అట్టకు బొక్కలు పడుతున్నయ్ కదమ్మా."

"నా మొకమే ఏస్తనన్నవ్ గదా సారూ. తక్కువ పడ్డది కలుపుతున్న."

ఓ కాలేజీ పిల్ల పత్రిక కొంటే పిన్నీసు వేలికి గుచ్చుకుంది. ఆ పిల్ల వేలు నోట్లో పెట్టుకుని అట్ట చూసింది, బొమ్మ కింద 'కంది చేను పాట భీమమ్మ' అని ఉన్నది చదివింది, ఎదురుగా ఉన్న మనిషిని చూసింది.

"కంది చేను పాట నీదా? గా వీడియోల పిల్ల పాడలేదా?"

"దాని మెడల పిన్నీసులున్నయా?"

పిల్ల లేవన్నట్టు తలూపింది.

"మరి."

షెహబాజ్ మెల్లగా కెమెరా ఎత్తబోయాడు. భీమమ్మ చేతిలో తెరిచిన పిన్నీసు వాడి వైపు తిరిగింది. వాడు కెమెరా దించేశాడు.