అద్దాల్లోని రోగి

ఖరగ్‌పూర్ నర్సింగ్ కాలేజీలో మాకు పాఠాలు చెప్పిన సిస్టర్‌ది ఆ ఊళ్లోనే ఉన్న పూరీ గేట్ ప్రాంతం. ఆసుపత్రి వార్డుల్లో చాలా ఏళ్లు పనిచేసి వచ్చారు. మా ల్యాబులో ఒక రకం కళ్లద్దాలు పెట్టుకుంటే, మంచం మీది రబ్బరు బొమ్మ మూలిగే రోగిలా కనిపించేది. ఆ బొమ్మను ముట్టుకునే ముందు కూడా సిస్టర్, అన్నను పిలిచే బెంగాలీ మాటతో, "దాదా, సెయ్యి పట్టుకుంటన్నాను" అని చెప్పేవారు. మేం నవ్వుకునేవాళ్లం.

ఒకరోజు నా రోగికి ఊపిరి అందలేదు. నేను మానిటర్‌లో అంకెలే చూస్తూ నిలబడిపోయాను. అతని పెదవులు నీలంగా మారి, ప్రాణం పోయింది. అద్దాలు తీసేసి ఏడ్చాను.

"నాను నర్సుగా పనికిరాను సిస్టర్."

"ఏటే ఆ ఏడుపు? ఈ దాదా బటన్ నొక్కితే లేస్తాడు. నా మొదటి పేషెంటు లేవనేదు. అప్పుడు మాకీ గది నేదు. మళ్లీ సెయ్యి."

ఆవిడే నాకు అద్దాలు తగిలించారు. ఈసారి రోగి ముఖం చూశాను. మంచం తలవైపు ఎత్తి, ఆక్సిజన్ పెట్టి, అతనితో మాట్లాడుతూనే ఉన్నాను. మెల్లగా ఊపిరి కుదుటపడింది.

అద్దాలు లేని సిస్టర్‌కి కనిపించేది బొమ్మే. అయినా మంచం మీదికి వంగి, "ఎలాగున్నాడే?" అని అడిగారు.

"కళ్లు తెరిసినాడు సిస్టర్. మిమ్మల్నే సూస్తన్నాడు."